గవ్వలరేవు రాగం

జూన్ 11, మంగళవారం

ఈరోజు పద్నాలుగు గొంతులు విన్నాను. తొమ్మిదింటిని చెవి ఒప్పుకుంది. ఐదింటిని ఒప్పుకోలేదు. ఆ ఐదు కాగితాల మీదా రెండో శ్రోతగా సంతకం పెట్టాను.

చెవి అంటే మా యంత్రం. కాగితాల్లో దానికి పొడుగాటి పేరుంది గానీ ఎవరూ పలకరు. మనిషిని మూడో గదిలో కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడిస్తాం. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమంటాం. వారాల పేర్లు చెప్పమంటాం. ఊళ్లో రోజెలా గడిచేదో చెప్పమంటాం. చెవి విని వందకి ఇన్ని అని మార్కు వేస్తుంది. డెబ్బై దాటితే ఆ మనిషి తాను చెప్పుకున్న ఊరివాడే, ఎగువ కాలనీలో ఇల్లిస్తారు. నలభైకి తగ్గితే కాదు, గురువారం బస్సులో దిగువ కట్ట మీద మట్టిపనికి పంపిస్తారు. మధ్యలో పడినవాళ్ల విషయంలోనే నా మాట చెల్లుతుంది. మిగతావాళ్లకి నా సంతకం చాలు.

నాలుగేళ్ల కిందటి తుఫానులో సముద్రం పదమూడు ఊళ్లను తీసుకెళ్లినప్పుడు కాగితాలు కూడా దాంతోపాటే పోయాయి. ఎవరిది ఏ ఊరో చెప్పడానికి గొంతు ఒక్కటే మిగిలింది.

మధ్యాహ్నం వాన పడింది. రేకుల మీద చప్పుడుకి గంటసేపు రికార్డింగు ఆపాం. ఆ గంటా గోడవైపు చూస్తూ కూర్చున్నాను. అన్నం తిన్నానో లేదో గుర్తురాక డబ్బా మూత తీసి చూశాను. తిన్నట్టే ఉంది.

శ్రోతలు రోజూ ఈ పుస్తకం రాయాలని నియమం. రాశాను.

జూన్ 12, బుధవారం

పదకొండు మంది. తొమ్మిదో దరఖాస్తు మైలపల్లి ముత్యాలమ్మది. అరవైకి దగ్గరగా ఉంటుంది. ఊరు పెద గవ్వలరేవు అని చెప్పింది. వెంట మనవరాలు బంగారి, ఐదున్నరేళ్లు. పిల్ల ఆమె చీరకొంగు వదల్లేదు, ఇద్దర్నీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టాం.

"పొద్దున్నే లేచి ఏం చేసేవాళ్లమ్మా?" అని అడిగాను. అది అందరినీ అడిగే ప్రశ్న.

"ఏటి సేత్తాం తల్లీ. మా ఇంటాయన ఏటకెల్లీవోడు. నాను గంజి కాసీదాన్ని. ఆలొచ్చినాక వొల ఆరబెట్టీవోలం. సిరిగిన కాడ కుట్టీవోలం. సేపలు తట్టకెత్తుకోని సంతకెల్లీదాన్ని. అంతే."

మాటలన్నీ తీరం మాటలే. కానీ ఆ తీరంవాళ్లకి వాక్యం చివర గొంతు లేచి, కాస్త సాగి, మెల్లగా దిగుతుంది. ఎగువవాళ్లు దాన్ని రాగం అంటారు, వెక్కిరించేటప్పుడు అదే తీస్తారు. ముత్యాలమ్మ వాక్యాల చివర అది లేదు. బియ్యం, పప్పు, ఉప్పు అని జాబితా చదువుతున్నట్టు చెప్పింది. బంగారి కూడా ఇరవై దాకా అలాగే లెక్కపెట్టింది, ఒక్క అంకె మీదా గొంతు లేవకుండా.

ముత్యాలమ్మకి ముప్పై ఒకటి. బంగారికి ఇరవై ఏడు.

"ముప్పైయొకటంటే ఏటమ్మా?" అని అడిగింది.

"మీ మాట మీ ఊరి మాటలా లేదంటోంది యంత్రం."

ఆమె యంత్రం వైపు చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"మా ఊరోలంతా పోనారు. మరి మా ఊరి మాట దానికెవులు సెప్పినారు?"

జవాబు చెప్పాల్సిన ప్రశ్న కాదు. సంతకం పెట్టడానికి కలం తీశాను. పెట్టలేదు. రెండో పరీక్ష కోరుతూ గడిలో టిక్కు పెట్టాను. ఫిబ్రవరి తర్వాత ఆ గడిని వాడటం ఇదే మొదటిసారి. కారణం రాయాలి కాబట్టి రాస్తున్నాను: దరఖాస్తుదారు వలని "వొల" అంది. పన్నెండు ఊళ్లలో వల అంటారు. పెద గవ్వలరేవులో మాత్రమే వొల అంటారు. తీరం యాసని ముప్పై రోజుల్లో నేర్పిస్తామని ఎగువ పట్టణంలో దొంగ బడులు నడుస్తున్నాయి. వాటిలో ఈ మాట నేర్పరు. నేర్పేవాళ్లకే తెలియదు.

రెండో పరీక్ష జూన్ 26న. అప్పటిదాకా ఇద్దరూ వెనక షెడ్డులో ఉండొచ్చు.

జూన్ 13, గురువారం

బస్సు రోజు. గేటు దగ్గర పేర్లు చదివే వంతు నాది. పేరు పిలిస్తే "ఉన్నాను" అనాలి. పదహారు మంది ఉన్నాను అన్నారు, బస్సెక్కారు. తీరంవాళ్లు ఆ మాటని మూడు మెట్లెక్కించి పలుకుతారు. ఈరోజు ఎవరూ ఎక్కించలేదు. విన్నాను, అంతే. అప్పుడు దాని గురించి ఏమీ అనుకోలేదు.

జూన్ 15, శనివారం

ఐలయ్య గారు చెవిని చూసుకునే సాంకేతికుడు. వరంగల్ వైపాయన, రిటైర్మెంటుకి ఇంకో ఏడాది ఉంది. ముత్యాలమ్మ మార్కు విడివిడిగా చూపించమని అడిగాను. అలా ఎవరూ అడగరు. ఆయన కళ్లజోడు తుడుచుకుని తెర తెరిచాడు.

అచ్చులు తొంభై ఒకటి. హల్లులు ఎనభై ఎనిమిది. రాగం ఆరు.

"గిదేంది మేడం," అన్నాడు. "రెండిట్ల ఫస్టు క్లాసు. ఒక్కదాంట్ల గుండు సున్నా లెక్క. మరి మొత్తం గింత తక్కువెట్లొచ్చింది?"

"రాగానికి వందలో డెబ్బై పాళ్లు. ఫిబ్రవరిలో మార్చారు."

"గట్లెందుకు మార్చిండ్రు?"

దొంగ బడుల వల్ల మార్చారు. మాటలు నేర్చుకుని వచ్చేవాళ్లని పట్టుకోవడానికి. మాటలు ఎవరైనా నేర్చుకోగలరు, అక్షరాలు పలికే తీరూ కష్టపడితే వస్తుంది. రాగం మాత్రం పెద్దయ్యాక పట్టుబడదు. కడుపులో ఉన్న బిడ్డ అమ్మ గొంతు ఎత్తుపల్లాలు వింటుంది. పుట్టాక మొదటి మాట అనడానికి చాలా ముందే ఆ ఎత్తుపల్లాల్లో కూతలు పెడుతుంది. మనిషి అన్నిటికన్నా ముందు నేర్చుకునేది రాగం, అన్నిటికన్నా చివర మరచిపోయేదీ అదే.

ఈ మాటలు ఎనిమిదేళ్ల కిందట ఒక పరిశోధన పత్రంలో ఉన్నాయి. ఆ పత్రం రాసింది నేను. మనిషి ఊరు కనుక్కోవాలంటే రాగాన్నే ఎక్కువ నమ్మాలని చివరి పేజీలో సూచించింది కూడా నేనే.

ఈ విషయం ఐలయ్య గారికి చెప్పాను. ఆయన తెర మూసేశాడు. తర్వాత టీ తాగుతారా అని అడిగాడు. తాగాను.

జూన్ 18, మంగళవారం

రికార్డింగు లేని పూట షెడ్డుకి వెళ్లాను. ముత్యాలమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. నేనూ పక్కన కూర్చుని ఏరాను. బంగారి కాస్త దూరంలో తెగిన రబ్బరు చెప్పుని గుడ్డలో చుట్టి పడుకోబెడుతోంది.

"ఇంట్లో ఎవరెవరు పోయారమ్మా?" అని అడిగాను. ఫారంలో ఆ సంగతి ఉంది. అయినా అడిగాను.

"మా ఇంటాయన. ఇద్దరు కొడుకులు. పెద్దకోడలు. సిన్నకోడలు, దాని కడుపులో బిడ్డ. కడుపులో బిడ్డని మీవోలు లెక్కెయ్యలేదు. నానేసుకున్నాను."

రాయి ఏరి పారేసింది.

"ఈ గుంట పెద్దోడి కూతురు. అప్పుడికి ఏడాదిన్నర. నా సంకనుంది కాబట్టి మిగిలింది."

"అప్పటికి మాటలు వచ్చా?"

"అమ్మా అనీది. అంతే. మాటలన్నీ టెంటులోనే నేర్సుకుంది. నాలుగేల్లూ టెంటులో నానే కదా. ఇంకెవులున్నారు దానికి. నాను రోజుకి నాలుగు మాటలు మాటాడితే అయ్యే నేర్సుకుంది."

బంగారి చెప్పుతో మాట్లాడుతోంది. "పడుకో. ఏడవకు. నీల్లొత్తాయి. పడుకో." మామూలుగా బొమ్మలతో మాట్లాడే పిల్లల గొంతులు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఇలాంటివి వందలు రికార్డు చేశాను ఒకప్పుడు. ఈ పిల్ల గొంతు ఎక్కడా ఎక్కలేదు, దిగలేదు. ముభావం కాదది, బెదురు కూడా కాదు. ఆ పిల్లకి తెలిసిన తెలుగే అది. గవ్వలరేవు మాటలకి ఉండాల్సిన రాగం మాటలొచ్చాక ఆ పిల్ల ఒక్కసారి కూడా వినలేదు.

"ముందు మీరెలా మాట్లాడేవాళ్లు?" అని ముత్యాలమ్మని అడిగాను.

"సంతలో నాను కేకేత్తే ఆ సివరికి ఇనిపించీదంట. మా ఇంటాయన అనీవోడు, నువ్వు తిట్టినా పాటలాగుంతాదే అని."

"ఒకసారి ఆ కేక వేస్తారా?"

ఆమె చేట కింద పెట్టింది. ఊపిరి తీసుకుంది. మెడ నరాలు కూడా బిగిశాయి.

"సేపలమ్మా సేపలు," అంది.

గుమాస్తా ఎవరో రసీదు మీద రాసింది చదివినట్టు వచ్చింది. ఆమెకీ తెలిసింది. మళ్లీ ప్రయత్నించలేదు. చేట అందుకుంది.

"రాదు తల్లీ. కావాలని మానీలేదు. ఎటెలిపోనాదో తెల్దు."

జూన్ 19, బుధవారం

ఫిబ్రవరి నుంచి నేను సంతకం పెట్టి కిందకి పంపినవాళ్లు రెండువందల పద్నాలుగు మంది. అందరి మార్కులూ విడదీశాం. ఐలయ్య గారు చదివారు, నేను రాసుకున్నాను. అందులో అచ్చులు, హల్లులు కూడా తప్పినవాళ్లు డెబ్బై ఏడుగురు. వాళ్లు నిజంగా నేర్చుకుని వచ్చినవాళ్లే కావచ్చు. మిగతా నూట ముప్పై ఏడుగురి అచ్చులు, హల్లులు ఎనభై పైనే. రాగం ఒక్కటే లేదు.

ఫారంలో ఇరవై రెండో ప్రశ్న కుటుంబంలో మృతుల సంఖ్య. దాన్ని చెవి ఒప్పుకున్నవాళ్లతో సహా అందరి మార్కుల పక్కన పెట్టి చూశాను. ఎవరూ పోనివాళ్ల రాగం డెబ్బై పైన. ఒకరు పోయినవాళ్లది యాభై దరిదాపుల్లో. ముగ్గురో అంతకంటే ఎక్కువో పోయినవాళ్లది పది లోపు. అక్కడక్కడ తేడాలున్నాయి, కానీ కాగితం దూరంగా పట్టుకుని చూసినా గీత కిందకే పోతోంది.

దుఃఖంలో గొంతు పడిపోతుందని అందరికీ తెలుసు. కొన్ని వారాలకి లేస్తుంది కదా అనుకున్నాం. నాలుగేళ్లయినా లేవని గొంతులు ఉంటాయని నా పత్రంలో రాయలేదు. నేను వినలేదు కాబట్టి రాయలేదు.

ఎక్కువమందిని పోగొట్టుకున్నవాళ్లని ఏరి మరీ కట్ట మీదకి పంపాం.

ఈ వాక్యం రాసి చాలాసేపు చూశాను. ఏదో అనిపించాలి. పెన్నులో సిరా అయిపోవచ్చింది, కొత్తది తెచ్చుకోవాలి అనిపించింది.

జూన్ 20, గురువారం

పొద్దున్న బస్సులో తొమ్మిది మంది వెళ్లారు. ఆపమని అడగడానికి కృపానందం గారి గదికి వెళ్లాను. ఆయన మా కేంద్రానికి అధికారి. చెడ్డవాడు కాదు. బస్సు కదిలాకగానీ ఖాళీ కాలేదు.

నా కాగితాలు రెండుసార్లు చదివాడు.

"సువర్చల గారూ, మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. కానీ పైవాళ్లు ఏమంటారో నాకు తెలుసు. వీళ్ల గొంతు ముందు నుంచీ ఇంతేనేమో, వీళ్లు అసలు తీరంవాళ్లే కాదేమో అంటారు. తుఫానుకి ముందు వీళ్లు ఎలా మాట్లాడేవాళ్లో మన దగ్గరుందా?"

"లేదు. రికార్డులున్న ఫోన్లు, పెళ్లి వీడియోలు అన్నీ నీళ్లలో పోయాయి."

"మరి? ఒకే మనిషి గొంతు, ముందూ వెనకా చూపిస్తే తప్ప వాళ్లు వినరు. మంగళవారం కమిటీ కూర్చుంటుంది. పది నిమిషాలు ఇప్పిస్తాను. ఈలోపు తీసుకురండి."

"రాకపోతే?"

"ఇరవై ఆరున రెండో పరీక్ష. ఇరవై ఏడున బస్సు." ఆయన కాగితాలు సర్ది నాకు తిరిగిచ్చాడు. "నా మీద కోపం పెట్టుకోకండి."

నాకు కోపం లేదు. ఆ మాటే చెప్పాను.

ఈరోజు వెళ్లిన తొమ్మిది మందిలో ఐదుగురి పేర్లు నా జాబితాకి కలిశాయి. నూట నలభై రెండు.

జూన్ 22, శనివారం

ఒకే మనిషి గొంతు ముందూ వెనకా ఎక్కడ దొరుకుతుందని రెండు రోజులు వెతికాను. రేడియో కేంద్రానికి రాశాను. చేపల సంఘానికి రాశాను. ఏమీ లేదు. మధ్యాహ్నం అన్నం తింటూ ఐలయ్య గారు, నా మొహం చూడకుండా, డబ్బాలోకి చూస్తూ అన్నాడు:

"మేడం, మన గొంతులున్నయ్ గద."

చెవిని సరిచూసుకోవడానికి ఏటా జనవరిలో సిబ్బంది అందరి గొంతూ రికార్డు చేస్తారు. అదే పది నిమిషాలు, అవే ప్రశ్నలు. నేను ఇక్కడ చేరి ఆరేళ్లు, ఊళ్లు పోకముందు ఇక్కడ యాసల పరిశోధన జరిగేది. ఆరు రికార్డులు.

"నావి పెట్టండి," అన్నాను.

"మీకిష్టమైతేనే, మేడం."

"పెట్టండి."

ఇప్పటి లెక్క ప్రకారం ఆరింటినీ చెవికి వినిపించాం. మొదటి నాలుగేళ్లు: తొంభై నాలుగు, తొంభై రెండు, తొంభై ఐదు, తొంభై మూడు. ప్రాంతం, తూర్పు సీమ. సరిగ్గా చెప్పింది, మాది ఆ వైపే. పోయిన ఏడాది: ముప్పై ఏడు. ఈ ఏడాది: ఇరవై ఐదు. ప్రాంతం, తెలియదు. అచ్చులు, హల్లులు ఆరేళ్లలో మారలేదు. రాగం చివరి రికార్డులో సున్నా.

నాలుగో దానికీ ఐదో దానికీ మధ్య, ముందటేడు నవంబరులో, మా చెల్లెలు హైమ పోయింది. రక్షణ దళంలో పడవ నడిపేది. ఆ నెల వచ్చిన ఇంకో తుఫానులో మూడుసార్లు వెళ్లి ముప్పై మందిని తెచ్చింది. నాలుగోసారి పడవ రాలేదు. మనిషి దొరకలేదు. మా అమ్మ పోయాక దాన్ని పెంచింది నేను. దానికి తొమ్మిదేళ్లు, నాకు పంతొమ్మిది.

కబురు వచ్చింది ఆదివారం. సోమవారం ఆఫీసుకి వచ్చాను. ఆరోజు ఎనిమిది గొంతులు విన్నాను. పాత పుస్తకం తీసి చూశాను, ఎనిమిది అనే రాసి ఉంది. ఇంకేమీ రాయలేదు.

ఐలయ్య గారు నాలుగో ఏడాది రికార్డు మళ్లీ వేశాడు. అందులో ఒక ఆడమనిషి వారాల పేర్లు చెబుతూ మధ్యలో నవ్వింది, "శనివారం మా యింట్లో చిత్రాన్నం, అది చెప్పొచ్చునా?" అంది సాగదీసి. ఎవరో హుషారైన మనిషిలా ఉంది.

"మీరే మేడం," అన్నాడు ఆయన.

జూన్ 25, మంగళవారం

కమిటీలో ముగ్గురు. మధ్యలో రిటైరైన జడ్జి గారు, ఒక పక్క కాలనీ అధికారి, ఇంకో పక్క ఒక డాక్టరమ్మ. కృపానందం గారు గోడ పక్కన కూర్చున్నారు.

ముందు పట్టిక చూపించాను. జడ్జి గారు తలూపారు. తర్వాత పేరు చెప్పకుండా రెండు రికార్డులు వినిపించాను, నాలుగో ఏడాదిదీ ఆరో ఏడాదిదీ.

"వీళ్లిద్దరూ ఎవరు?" అన్నాడు కాలనీ అధికారి.

"ఒక్కరే. నేను."

ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ వేయించుకుని విన్నాడు.

"ఆ మధ్య ఏం జరిగింది?" అని డాక్టరమ్మ అడిగింది.

చెప్పాను. తేదీ చెప్పాను, పడవ సంగతి చెప్పాను, మనిషి దొరకలేదని చెప్పాను. మొత్తం నాలుగు వాక్యాలు. చెప్తున్నప్పుడు నా గొంతు నాకే వినబడింది. ముత్యాలమ్మ ఇంట్లో పోయినవాళ్లని వరసగా చెప్పినట్టే ఉంది. వాళ్లకీ వినబడినట్టుంది. పట్టిక చూసినప్పుడు కదలని మనుషులు ఇప్పుడు కాస్త వెనక్కి జరిగారు.

"మీరు నిద్రపోతున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పోతున్నానండీ."

"ఎవరితోనైనా మాట్లాడారా దీని గురించి?"

"ఇప్పుడు మీతో."

కాలనీ అధికారి గొంతు సవరించుకున్నాడు. "మీ బాధ అర్థమైంది. కానీ రాగాన్ని తీసేస్తే యాస నేర్చుకుని వచ్చినవాళ్లు కూడా లోపలికి వస్తారు కదా. ఇళ్లు తక్కువున్నాయి."

"వస్తారండీ. కొందరు."

"ఎంతమంది?"

"తెలియదు."

"అయినా తీసేయమంటారా?"

"తీసేయాలండీ. పెట్టమన్నది నేనే. అది తప్పు."

నన్ను బయట కూర్చోమన్నారు. ముప్పావుగంట తర్వాత కృపానందం గారు వచ్చి పక్కన కూర్చున్నారు. రేపటి నుంచి రాగాన్ని లెక్కలోకి తీసుకోరు. ఇప్పటికే కిందకి పంపినవాళ్ల ఫైళ్లు మూసేశారు కాబట్టి, తెరవాలంటే ఎవరి దరఖాస్తు వాళ్లు కొత్త గొంతు నమూనాతో పెట్టుకోవాలి.

"కట్ట మీద నమూనా తీసుకునేవాళ్లు ఎవరూ లేరు కదండీ."

"లేరు."

"వాళ్లకి ఈ సంగతి చెప్పేవాళ్లు?"

ఆయన లేచి లోపలికి వెళ్లాడు.

జూన్ 26, బుధవారం

రెండో పరీక్ష. అవే ప్రశ్నలు, అవే జవాబులు. ముత్యాలమ్మకి ఎనభై తొమ్మిది. బంగారికి ఎనభై ఒకటి. కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను.

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ పొద్దు కాదన్నాది. ఈ పొద్దు ఔనన్నాది. నాను మారలేదు గదమ్మా."

"మీరు మారలేదు. యంత్రాన్ని మార్చాం."

"మరి అప్పుడు ఎలిపోనోలు? పక్కూరి మా వొదినా ఆలు?"

"వాళ్లకి మళ్లీ పరీక్ష పెట్టాలి."

"ఎవులు పెడతారు?"

నేనే కట్ట మీదకి వెళ్తానని చెప్పాను. అలా చెప్పాలని ముందుగా అనుకోలేదు.

బంగారి రాగం ఇంకా నాలుగు దగ్గరే ఉంది. కాలనీలో బడి ఉంది, పిల్లలున్నారు. వాళ్లలో పడి ఆమె గొంతు లేస్తుందా, లేక టెంట్లలో మాటలు నేర్చుకున్న పిల్లలంతా కలిసి ఈ చదునైన మాటనే తీరం మాటగా చేసేస్తారా, ఇంకో ఇరవై ఏళ్లకిగానీ తెలియదు. ఎనిమిదేళ్ల కిందటైతే దీని మీద ఇంకో పత్రం రాసేదాన్ని.

జూలై 4, గురువారం

కృపానందం గారు నాకు నెల సెలవు రాశారు. సెలవు కారణం అనే చోట "వినడానికి" అని రాసి, కొట్టేసి, "ఆఫీసు పని" అని రాశారు. ఐలయ్య గారు చేతిలో పట్టే రికార్డరు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇచ్చాడు. చెవిని తీసుకురాలేదు, అక్కడ కరెంటు లేదు. రికార్డులు పైకి పంపితే ఆయన వినిపిస్తానన్నాడు.

కిందకి వెళ్లే మనుషులతో పాటు అదే బస్సెక్కాను. నాలుగు గంటలు పట్టింది. దిగువ కట్ట అంటే సముద్రాన్ని ఇంకా లోపలికి రాకుండా ఆపడానికి పోస్తున్న మట్టిగోడ. రెండు పక్కలా నీళ్లు, మోకాళ్ల లోతు బురద, మట్టి సంచులు మోసే వరస. మేస్త్రి నా జాబితా చూసి తన పుస్తకంతో పోల్చాడు. నూట నలభై రెండు మందిలో నూట పద్దెనిమిది మంది అక్కడే ఉన్నారు. పదిహేను మంది ఎటు వెళ్లిపోయారో తెలియదు. తొమ్మిది పేర్లు ఆయన పుస్తకంలో కొట్టేసి ఉన్నాయి. ఎందుకు కొట్టేశారని నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. జ్వరాలు, ఒక గండి. ఆ తొమ్మిది పేర్లూ వేరే కాగితం మీద రాసుకున్నాను.

మొదటి పేరు గరికిన లచ్చమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. మార్చిలో పంపాను. మొహం నాకు గుర్తులేదు. ఆమెకి నేను గుర్తున్నాను.

"నువ్వా," అంది. నెత్తి మీది సంచి దించలేదు.

"మీ గొంతు మళ్లీ రికార్డు చేయాలమ్మా. పైన ఇల్లు రావచ్చు."

"ఓపాలి ఇన్నారు కదేటి. మల్లీ ఎందుకు?"

"అప్పుడు తప్పు జరిగింది."

"ఎవుల తప్పు? ఆ మిసనుదా?"

వరసలో వెనకవాళ్లు ఆగారు. యంత్రానిదే అని చెప్పొచ్చు. వాళ్లు నమ్ముతారు కూడా.

"నాది," అన్నాను. "రాగం లేకపోతే మీ ఊరివాళ్లు కాదని దానికి నేర్పింది నేను. సంతకం పెట్టిందీ నేనే. మీరు సరిగ్గానే చెప్పారు. నేనే తప్పుగా విన్నాను."

ఆమె సంచి దించి దాని మీదే కూర్చుంది. చేతుల బురద చీరకి తుడుచుకుంది. పక్కన ఇంకో సంచి చూపించింది, కూర్చోమని. కూర్చున్నాను. రికార్డరు తీశాను.

"మల్లీ లెక్కెట్టాలా? ఒకటీ రెండూ?"

"అక్కర్లేదు. మీకు ఏది చెప్పాలనుంటే అది చెప్పండి."

"ఏదైనానా?"

"ఏదైనా."

ఆమె నీళ్ల వైపు చూసింది.

"మా పిల్లల పేర్లు సెప్తాను. ఆ పొద్దు ఎంతమందని అడిగినారు గానీ పేర్లడగలేదు మీరు. రాసుకుంతావా?"

"రాసుకుంటాను."

మొదటి పేరు చెప్పింది. రాశాను. రెండోది చెప్పింది. రాశాను. మూడో పేరు రాయలేకపోయాను. కాగితం కనబడలేదు. మళ్లీ చెప్పమని అడగబోతే గొంతులోంచి మాట రాలేదు, ఏదో చప్పుడు వచ్చింది. ఏడాదిన్నర అయింది ఆ చప్పుడు విని.

లచ్చమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. దగ్గరికి జరిగి, మాటలు రాని పిల్లకి నేర్పినట్టు, ఒక్కో అక్షరం విడదీసి ఆ పేరు మళ్లీ చెప్పింది.